డేటా కలెక్షన్ ఏజెన్సీ రివ్యూ: ఆల్ఫాకి గ్యారంటీ ఇచ్చారు, ఊళ్లోకి మాత్రం పోలేదు

రేటింగ్: 5కి 1. ఆ ఒక్కటి కూడా వాళ్ల ఫీల్డ్ కుర్రాడొకడు చివర్లో నాతో నిజం చెప్పినందుకు.

పేరు రాయట్లేదు, రిఫండ్ మాటలు ఇంకా నడుస్తున్నాయి, అయినా పేరుతో పనేముంది, పీహెచ్‌డీ చేసేవాళ్లకి యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ షాపు గోడల మీద కనిపించే పోస్టర్లన్నీ ఒకేలా ఉంటాయి. టూల్ తయారీ, ట్రాన్స్‌లేషన్, డేటా కలెక్షన్, ఎస్పీఎస్ఎస్ (స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) అనాలిసిస్, ప్లేగియరిజం (కాపీ శాతం) తగ్గింపు, అన్నీ ఒకే చోట. నేను వెళ్లింది అలాంటి ఆఫీసుకే, హైదరాబాద్‌లో, రెండో అంతస్తు, కింద కర్రీ పాయింట్.

ముందు నా సంగతి. ప్రకాశం జిల్లాలో ఒక బీఈడీ కాలేజీలో లెక్చరర్‌ని, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, టాపిక్ ఏంటంటే జెడ్పీ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కలంటే భయం, దానికీ ఇంటి పరిస్థితులకీ ఉన్న సంబంధం. 24 స్కూళ్లు, స్కూలుకి 20 మంది, మొత్తం 480 మంది పిల్లలు, ఒక్కో పిల్లాడి ఇంటికెళ్లి అమ్మతోనో నాన్నతోనో పాతిక నిమిషాల ఇంటర్వ్యూ. కాలేజీలో సెలవు ఇవ్వరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తయ్యకి మోకాలి ఆపరేషన్. సరే డబ్బులిచ్చేస్తే పోద్దిలే అనుకున్నా. ఆ అనుకోవడంలో నా తప్పు ఎంతుందో కూడా కింద చెప్తా, వాళ్లనే తిట్టి తప్పించుకోను.

రేటు ఇదీ. పిల్లాడి ఫారం 60 రూపాయలు, పేరెంట్ ఫారం 90, అంటే జంటకి 150, మొత్తం 72,000. సగం అడ్వాన్స్. మేనేజర్ గారు చాలా మర్యాదస్తుడు, టీ తెప్పించాడు, "మేడమ్ మీరు టెన్షన్ పడొద్దు, ఆల్ఫా 0.8 పైన గ్యారంటీ" అన్నాడు. ఆ మాట విన్నప్పుడే లేచి రావాల్సింది. కానీ నాకు అప్పుడది సర్వీసు లాగా వినిపించింది.

ఆల్ఫా అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో. 1951లో క్రాన్‌బాక్ అనే ఆయన పేపర్‌తో పాపులర్ అయిన లెక్క అది. ఒకే విషయం మీద ఇరవై ప్రశ్నలు అడిగితే ఆ ఇరవైకీ వచ్చే జవాబులు ఒక దానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా లేదా అని చూస్తది, సాధారణంగా 0 నుంచి 1 మధ్యలో వస్తది, 0.7 దాటితే గైడు గారు తలూపుతారు. దీన్నే మన థీసిసుల్లో విశ్వసనీయత అని రాస్తాం. తంటా అంతా ఆ తెలుగు మాటతోనే వచ్చింది, విశ్వసనీయత అనగానే నమ్మొచ్చు అనుకుంటాం, కానీ ఆల్ఫా చెప్పేది జవాబుల్లో పొంతన ఉందా అని మాత్రమే. కోర్టులో బట్టీ పట్టించి తెచ్చిన సాక్షి ఎక్కడా తడబడడు, నిజంగా చూసినవాడే "అప్పుడు లైటు ఉందో లేదో గుర్తులేదండీ" అంటాడు. ఆల్ఫా ఆ బట్టీ సాక్షికే ఎక్కువ మార్కులేస్తది. కాబట్టి అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఆల్ఫాకి గ్యారంటీ ఇస్తున్నాడంటే సాక్షికి ట్రైనింగ్ ఇస్తానని చెప్తున్నట్టు.

ఇక డెలివరీ. తొమ్మిది రోజుల్లో ఎక్సెల్ ఫైల్ మెయిల్‌కి వచ్చేసింది! నేను ఎంత సంబరపడ్డానంటే వెంటనే ఇంకో 20,000 ఫోన్‌పే కొట్టేశా. ఆ సాయంత్రమే ఆల్ఫా పెట్టి చూస్తే 0.96. మా గైడు సార్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "తొమ్మిదో తరగతి పిల్లలకి 0.96 ఏందమ్మా, నాకు పెట్టినా రాదు" అని, ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఖాళీలు ఎన్ని ఉన్నాయి?"

చూశా. సున్నా. 480 మంది, ఇరవై ప్రశ్నలు, 9,600 గళ్లలో ఒక్కటి కూడా ఖాళీ లేదు. స్కూల్లో ఎప్పుడైనా పిల్లల చేత ఫారం నింపించినవాళ్లకి ఇది ఎంత వింతో తెలుసు. ఇద్దరు రెండో పేజీ తిప్పరు, ఒకడు రెండు చోట్ల టిక్ పెట్టి ఒకటి కొట్టేస్తాడు, ఏది కొట్టేశాడో అర్థం కాదు, ఇంకొకడు పేరు రాసే చోట పక్కోడి పేరు రాస్తాడు.

అప్పుడు మొదలైంది నా డిటెక్టివ్ పని, ఒక వారం నిద్ర లేదు. మొదట తేదీలు. ఎక్సెల్‌లో తేదీ పక్కన వారం వచ్చేలా ఫార్ములా పెడితే 41 మంది పిల్లల ఫారాలు స్కూల్లో ఆదివారం నాడు నింపినట్టు ఉన్నాయి. తర్వాత టైము లెక్క. ఒక్కో పేరెంట్‌కి పాతిక నిమిషాలంటే 480 మందికి 200 గంటలు, నలుగురు కుర్రాళ్లు, తొమ్మిది రోజులు, అంటే రోజుకి ఒక్కొక్కడు అయిదున్నర గంటలు ఆపకుండా ఇంటర్వ్యూనే చెయ్యాలి, మధ్యలో ఊరూరికీ బండి మీద పోవడం కలపలేదు. పైగా మా వైపు పల్లెల్లో పొద్దున ఎనిమిది దాటితే ఇంట్లో మనిషి దొరకదు, మళ్లీ సాయంత్రం ఆరుకే. మరి ఎవర్ని అడిగారు, గేదెల్నా?

తర్వాత యూడైస్, అంటే స్కూళ్ల వివరాలన్నీ ఉండే గవర్నమెంటు డేటా. ప్రతి స్కూలుకీ యూడైస్ కోడ్ ఉంటది, తరగతి వారీగా ఎంతమంది పిల్లలున్నారో ఆ స్కూలు రిపోర్ట్ కార్డు ఎవరైనా చూసుకోవచ్చు. చూస్తే ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి మొత్తం 13 మంది. నా డేటాలో ఆ స్కూలు నుంచి 20 మంది. మిగతా ఏడుగుర్ని ఎక్కడ అడ్మిట్ చేశారో వాళ్లకే తెలియాలి.

అన్నిటికంటే నాకు నచ్చింది (నచ్చింది అనకూడదేమో గానీ నిజంగా నచ్చింది) అమ్మల వయసుల సంగతి. మన ఊళ్లలో పెద్దవాళ్లని వయసెంతమ్మా అంటే ఏం చెప్తారు? "ముప్పై అయిదు ఉంటయ్యేమో", "నలభై రాసుకో". సున్నా, అయిదు మీద ఆగుతారు. జనాభా లెక్కలవాళ్లకి ఇది ఎప్పట్నుంచో తెలిసిన జబ్బు, దీన్ని కొలవడానికి విప్పుల్ (Whipple) ఇండెక్స్ అని ఉంది, 23 నుంచి 62 ఏళ్ల వయసులు తీసుకుని సున్నాతో అయిదుతో ముగిసేవి ఎన్నో చూస్తారు, ఎవరూ గుండ్రం చెయ్యకుండా అసలు వయసే చెప్తే దాదాపు 100, అందరూ గుండ్రంగానే చెప్తే 500. నా ఏజెన్సీ డేటాలో 480 మంది అమ్మల్లో 94 మందికే వయసు సున్నా అయిదుతో ముగిసింది, ఇండెక్స్ 98. అంటే మా జిల్లా పల్లెటూళ్లలో ప్రతి అమ్మకీ తన వయసు బర్త్ సర్టిఫికెట్ చూసినట్టు తెలుసన్నమాట! వయసులు సరిగ్గా ఉండాలని వాళ్లు 37, 41, 38, 43 అని జాగ్రత్తగా మార్చి మార్చి వేశారు, ఆ జాగ్రత్తే పట్టిచ్చింది. చెడ్డ డేటా గజిబిజిగా ఉంటదని అనుకుంటాం గానీ దొంగ డేటా ఎప్పుడూ శుభ్రంగా ఉంటది.

మా రంగంలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. ఇంగ్లండ్‌లో సిరిల్ బర్ట్ అని ఎడ్యుకేషనల్ సైకాలజీలో మహా పేరున్న ఆయన, సర్ బిరుదు కూడా ఉంది, చిన్నప్పుడే విడిపోయి వేరే వేరే ఇళ్లలో పెరిగిన కవలల తెలివితేటల మీద పేపర్లు రాశాడు. 1955లో 21 జంటలు, 1966కి 53 జంటలు. జంటలు రెండింతలు దాటినా ఒక టెస్టులో కోరిలేషన్ (జంటలో ఇద్దరి మార్కులు ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) మాత్రం 0.771 దగ్గరే ఉంది, మూడో దశాంశం కూడా కదల్లేదు. ఆయన పోయాక 1970ల్లో లియాన్ కామిన్ అనే సైకాలజిస్టు ఇది పట్టుకున్నాడు. అది మోసమా, వయసు మీద పడ్డ మనిషి నిర్లక్ష్యమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు గానీ ఆ నంబర్లని మాత్రం ఎవరూ వాడట్లేదు. పీజీలో ఈ కథ నేను పరీక్షకి చదివి మర్చిపోయా, 0.96 చూసి సంబరపడ్డప్పుడు గుర్తు రాలేదు.

తర్వాత హార్డ్ కాపీలు అడిగా. మేనేజర్ గారు మూడు రోజులు తిప్పి పంపాడు, రెండు అట్టపెట్టెలు. తెరిచి మంచం మీద పరిస్తే మా చిన్నోడు వచ్చి "అమ్మా ఇవన్నీ ఒక్క అన్నే రాశాడా" అన్నాడు, వాడు రెండో తరగతి. ఒక్కడు కాదు ముగ్గురు, చేతిరాతలు మూడే. అందరిదీ ఒకే నీలం జెల్ పెన్ను. తొమ్మిదో తరగతి ఆడపిల్ల పేరు రాస్తే ఎలా రాస్తదో మనకి తెలియదా, పొల్లు బదులు గుండ్రంగా చుక్క, చివర చిన్న పువ్వు, రెడ్ పెన్నుతో అండర్‌లైన్. మగపిల్లలు ఇంటిపేరు మధ్యలో ఆపేసి ఇనీషియల్ చేస్తారు. 480 ఫారాల్లో ఒక్క పువ్వు లేదు.

ఫోన్లు కూడా చేశా. పేరెంట్ నంబర్లు ఫారంలో ఉన్నాయి కాబట్టి ఏదో ఒక 50 తీసి చేశాను. 14 పనిచెయ్యవు, 11 వేరే ఎవరివో (ఒకాయన కర్నూలు వైపు హార్వెస్టర్ ఓనర్, పాపం చాలా ఓపిగ్గా మాట్లాడాడు, మీ మెషిన్ ఏ ఊరికి పంపాలి అని), 6 ఎత్తలేదు. మిగిలిన 19 మంది నిజంగా పేరెంట్సే, అందులో 16 మంది మా ఇంటికి ఎవరూ రాలేదన్నారు, ముగ్గురు "ఎవరో ఫోన్ చేసి మీ వాడు ఏ క్లాసు అని అడిగి పెట్టేశారు" అన్నారు.

మేనేజర్ గారికి ఇదంతా చెప్తే ఆయన జవాబు, యథాతథంగా: "మేడమ్, ఫీల్డ్‌లో కొంచెం అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది. మీకు ఆల్ఫా తగ్గించమంటే తగ్గించి ఇస్తాం."

తగ్గించి ఇస్తారంట!

ఇప్పుడు ఆ కుర్రాడి సంగతి. ఫారాల మీద కలెక్ట్ చేసినవాళ్ల పేరు, నంబరు ఉంటే నలుగురికీ చేశా, ముగ్గురు కట్ చేశారు, ఒకడు మాట్లాడాడు. డిగ్రీ అయిపోయి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు, మాటలో భయం కంటే విసుగు ఎక్కువుంది. "మేడం మాకు జంటకి 50 ఇస్తారు, పెట్రోల్ మాదే. మొదటి రెండు స్కూళ్లకి నిజంగానే పోయినం. హెచ్ఎం సార్ డీఈవో పర్మిషన్ లెటర్ ఏదని అడిగిండు. ఆఫీసుకి ఫోన్ జేస్తే మీరే మేనేజ్ చేస్కోండి అన్నరు. ఒక స్కూల్ల అటెండర్ దయతలచి రిజిస్టర్ల నంబర్లు రాసుకోనిచ్చిండు. ఇంక ఏం జెయ్యాలె, కంభం రోడ్డు మీద టీ హోటల్లో కూసోని నింపినం." అదీ లెక్క. నా 72,000లో ఫీల్డ్‌కి చేరింది జంటకి 50 చొప్పున 24,000, అందులోంచే వాళ్ల పెట్రోలు, వాళ్ల అన్నం, వాళ్ల లాడ్జి. ఫారానికి ఇంత అని డబ్బులిస్తే ఫారాలే వస్తాయి, మనిషి ఊళ్లోకి పోవడానికి దాంట్లో డబ్బులెక్కడున్నాయి? సర్వే రంగంలో అమెరికావాళ్లు దీన్ని కర్బ్‌స్టోనింగ్ అంటారు, ఇంటి తలుపు తట్టకుండా పేవ్‌మెంట్ గట్టు మీద కూర్చుని నింపడం. వాళ్లకి గట్టు, మనకి టీ హోటలు.

నా తప్పులు ఇక్కడ రాసేస్తా. ఒకటి, డీఈవో పర్మిషన్ నేను తీసివ్వలేదు, ఏజెన్సీ చూసుకుంటదిలే అనుకున్నా. పైగా మైనర్ పిల్లలు, పేరెంట్ ఒప్పుకోలు పత్రం కూడా అసలు ఉండాలి. రెండు, నా ప్రశ్నాపత్రం. ఇంగ్లీషు స్కేలు ఒకటి తీసుకుని వాళ్ల చేతే ట్రాన్స్‌లేషన్ చేయించా, అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "గణిత సమస్యలను ఎదుర్కొనునప్పుడు నేను ఉద్విగ్నతకు లోనవుదును." తర్వాత నేనే ఒక స్కూల్లో పైలట్, అంటే ముందు ట్రయల్, పెడితే ఒక పిల్లాడు చెయ్యెత్తి "మేడం, ఉద్విగ్నత ఏ చాప్టర్లో ఉంది" అన్నాడు. అంటే ఆ కుర్రాళ్లు నిజంగా వెళ్లి అడిగినా నాకొచ్చేది సరైన డేటా అయ్యుండేది కాదు. దాన్ని "లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే నాకు గుండె దడదడలాడుద్ది" అని మార్చాక పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు, అప్పుడు అర్థమైంది ప్రశ్న తగిలిందని. ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడూ లేదు, ఈ అయిదింట్లో తరచుగాకీ అప్పుడప్పుడుకీ తేడా చెప్పమంటే క్లాసులో ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ తడబడ్డా, అందుకే నాలుగు చేశా.

రెండోసారి నేనే చేయించా, దాని రివ్యూ కూడా ఇక్కడే. డీఈవో ఆఫీసు లెటర్‌కి పదకొండు రోజులు, మూడు సార్లు తిరిగా. మా కాలేజీ బీఈడీ స్టూడెంట్స్ నలుగురు, ఫారానికి కాదు రోజుకి 700, బస్ ఛార్జీలు వేరే, నింపినా నింపకపోయినా అదే డబ్బు, "ఇల్లు తాళం వేసి ఉంది" అని రాసుకొస్తే కూడా అదే. ఫోన్లో కోబో కలెక్ట్ యాప్ వాడాం, హార్వర్డ్ హ్యుమానిటేరియన్ ఇనిషియేటివ్ వాళ్ల దగ్గర పుట్టింది, లోపల ఓడీకే అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, మాకు పైసా ఖర్చు కాలేదు. యాప్‌కి 5కి 5 ఇస్తా. సిగ్నల్ లేని ఊళ్లో నింపి టౌనుకొచ్చాక పంపొచ్చు, ఫారం ఎక్కడ నింపారో జీపీఎస్ వస్తది, ఆడిట్ పెట్టుకుంటే ఏ ప్రశ్న దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో కూడా రికార్డవుద్ది. ఇరవై ప్రశ్నలు నలభై సెకన్లలో అయిపోయాయంటే ఆ సాయంత్రమే అడగొచ్చు. కాకపోతే యాప్ మనిషిని మార్చదు, జీపీఎస్ ఆ ఇంటి ముందు నిలబడి ఉన్నాడని చెప్తది గానీ తలుపు కొట్టాడని చెప్పదు. అందుకే పదింటికొకటి చొప్పున నేనే మళ్లీ వెళ్లి నాలుగు ప్రశ్నలు తిరిగి అడిగా, మారని విషయాలు మాత్రమే: ఇంట్లో ఎంతమంది, అమ్మ ఎంతవరకు చదివింది, స్కూలుకి ఎలా పోతాడు, టాయిలెట్ ఉందా. దీన్ని బ్యాక్ చెక్ అంటారు. నలుగురికీ ముందే చెప్పా, మిమ్మల్ని నమ్మక కాదు, నన్ను గైడు సార్ నమ్మాలి కదా అని.

టంగుటూరు వైపు ఒక ఊళ్లో నేను వెళ్లిన ఇల్లు చెప్తా. పొగాకు బ్యారన్ పక్కన పాకలో ఆవిడ కర్రకి ఆకు కడుతోంది, మాటలు మాట్లాడుతూనే చేతులు ఆగట్లేదు, నాకు పీట వేసింది. అన్నీ బాగానే చెప్పింది, నెలకి ఎంత వస్తదమ్మా అనగానే చేతులు ఆగిపోయాయి. "ఏందమ్మాయ్, ఇదంతా రాసుకోని పోయి మా కార్డు తీసేయరు కదా?" అంది. నేను ఎంత కాదన్నా ఆవిడ చెప్పిన అంకె రేషన్ కార్డుకి సరిపోయే అంకె, నిజం అంకె కాదు, ఇద్దరికీ తెలుసు. ఆమె తప్పేం లేదు. కరెంటు 300 యూనిట్లు దాటితే పథకం ఆగుద్ది, కారుంటే ఆగుద్ది, ఇంత పొలం దాటితే ఆగుద్ది అని ఏళ్ల తరబడి చూసినవాళ్లు చేతిలో ఫోన్ పట్టుకుని వచ్చిన ప్రతివాణ్ణీ గవర్నమెంటు మనిషే అనుకుంటారు. అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు రూలు పెట్టినప్పుడు స్కూలు రిజిస్టర్లో హాజరు ఎలా ఉండి ఉంటదో టీచర్లకి చెప్పక్కర్లేదు. తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో పెట్టినప్పుడు జనం బస్సుల మీదెక్కి మరీ సొంతూళ్లకి పోయారు, హైదరాబాద్ రోడ్లు ఖాళీ, ఎందుకంటే ఆ రోజు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయని భయం. జవాబు వెనక డబ్బు ఉన్నప్పుడు జవాబు కొంచెం వంగుతది. ఆ ఇంటి నుంచి వచ్చాక ఆదాయం ప్రశ్న తీసేసి ఇంట్లో ఫ్రిజ్ ఉందా, పిల్లాడు చదువుకోవడానికి విడిగా చోటుందా, గత వారంలో ఎన్ని రోజులు కూలికి పోయారు అని పెట్టా. అప్పటికి చేసిన ఇళ్లకి మళ్లీ పోవాల్సొచ్చింది, తిట్టుకుంటూనే పోయాం.

స్కూళ్లలో ఇంకో ఇబ్బంది, లెక్కల సారు. పిల్లలు లెక్కలంటే భయమా అనే ఫారం నింపుతుంటే సారు కిటికీ దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడితే ఎవడు భయం అని టిక్ పెడతాడు? మా బీఈడీ అమ్మాయి ఒకతి తెలివిగా "సార్ మీకూ ఒక ఫారం ఉంది స్టాఫ్ రూమ్‌లో నింపుదాం రండి" అని తీసుకెళ్లేది. ఆ ఫారం మేమేం వాడలేదు, సారీ సార్.

ఏసర్ (ప్రథమ్ సంస్థ చేసే పిల్లల చదువుల సర్వే) వాళ్లు పిల్లల్ని స్కూల్లో కాకుండా ఇంటి దగ్గర ఒక్కొక్కళ్లని కూర్చోబెట్టి చదివిస్తారు కదా, 2005 నుంచి అదే పద్ధతి, తర్వాతి సర్వేల్లో జిల్లాకి 30 ఊళ్లు ఊరికి 20 ఇళ్లు, ఎందుకు ఇళ్లకే పోతారో నాకు పుస్తకంలో చదివినప్పుడు పూర్తిగా ఎక్కలేదు. స్కూలుకి రాని పిల్లాడు స్కూల్లో దొరకడు, అదొకటి. స్కూల్లో పిల్లాడు సారు మొహం చూసి జవాబు చెప్తాడు, అది రెండోది. మన రెండు రాష్ట్రాల్లోనే యంగ్ లైవ్స్ స్టడీ అని 2002 నుంచి నడుస్తోంది, ఆక్స్‌ఫర్డ్ వాళ్లది, అప్పటి ఉమ్మడి ఆంధ్రాలో 3,000 మంది పిల్లల్ని తీసుకుని, వాళ్లు పెద్దయ్యి పెళ్లిళ్లయ్యి వేరే ఊళ్లకి పోయినా వెతుక్కుంటూ మళ్లీ మళ్లీ అదే మనుషుల దగ్గరికి పోతున్నారు. నేను 480 మందిని ఒక్కసారి వెతకడానికే ఇంత ఏడ్చాను కాబట్టి వాళ్ల ఫీల్డ్ వాళ్లకి రెండు చేతులూ ఎత్తి దండం.

మా లెక్క చివరికి ఏడు వారాలు పట్టింది. 480కి 431 దొరికాయి. కొంతమంది కూలికి కర్ణాటక పోయారు, ఇద్దరు ఆడపిల్లలకి పెళ్లి కుదిరి బడి మానేశారు, ఒక పేరెంట్ మా బీఈడీ అమ్మాయి మీద కుక్కని వదిలాడు. ఖాళీ గళ్లు 212. ఆల్ఫా 0.78. రెండు వారాల తర్వాత ఒక 40 మందికి అదే ఫారం మళ్లీ ఇస్తే రెండింటి మధ్య కోరిలేషన్ 0.71. అమ్మల వయసుల్లో 431కి 190 సున్నా అయిదుతో ముగిశాయి, ఇండెక్స్ 220, చూసి ముద్దొచ్చింది. గైడు సార్ షీటు చూసి ఈసారి ఏం అడగలేదు, "ఆ కుక్క కరిచిందా" అన్నారు. కరవలేదు.

ఏజెన్సీ గురించి ఇంకా అడిగేవాళ్లకి: సరైన ఏజెన్సీలు లేవని అనట్లేదు, ఉన్నాయి, రేటు చూసి మనమే వాళ్ల దగ్గరికి పోము. పోయే ముందు ఫీల్డ్ మనిషికి రోజుకెంత ఇస్తారు అని అడగండి, చెప్పకపోతే టీ తాగి వచ్చేయండి. బ్యాక్ చెక్ నేనే చేసుకుంటా అని అగ్రిమెంట్‌లో రాయించండి. పర్మిషన్ లెటర్ కాపీ మీ చేత్తోనే ఫీల్డ్ కుర్రాళ్లకి ఇవ్వండి. ఆల్ఫా గ్యారంటీ అన్న మాట వినిపిస్తే టీ కూడా వద్దు.

ఆ రెండు అట్టపెట్టెల ఫారాలు పారెయ్యలేదు. పేర్లున్న పేజీలు తీసేసి మా బీఈడీ వాళ్లకి స్టాటిస్టిక్స్ క్లాసులో పంచుతున్నా, దొంగతనం ఎక్కడుందో పట్టండి అని. తేదీలు పట్టారు, చేతిరాత పట్టారు, వయసులు మాత్రం నేనే చెప్పాల్సొచ్చింది. పోయిన వారం వెనక బెంచీ అమ్మాయి ఒకతి, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పదు, పీరియడ్ అయ్యాక వచ్చి "మేడం, 480 మందిలో నాన్న లేనివాళ్లు ఒక్కళ్లు కూడా లేరు" అంది. నాకు తట్టలేదు. ఇంటికొచ్చి మా 431లో చూసుకున్నా, 26 మంది.

రిఫండ్ అప్‌డేట్: 25,000 ఇస్తామని ఒప్పుకున్నారు, 10,000 వచ్చింది. మిగతాది వచ్చే నెల అంటున్నారు, మూడు నెలలుగా.